కృష్ణ మీద తెడ్డేసి: సోమశిల నుంచి సాగర్ దాకా నీళ్ల దారిని ఎలా చూడాలి

మొదటిసారి నేను కయాక్ (రెండు వైపులా రెక్కలున్న తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) తీసుకెళ్లింది వైజాగ్ కాలనీకి. నల్గొండ జిల్లా నేరేడుగొమ్ము దగ్గర సాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డున ఉండే ఊరు అది, విశాఖ వైపు నుంచి చేపల వేటకు వచ్చి స్థిరపడ్డ వాళ్ల వల్ల ఆ పేరొచ్చింది. గాలి కొట్టే కయాక్, కొత్తది, పెట్టెలోంచి తీసి ఇంకా వాసన కూడా పోలేదు. ఎదురుగా దిబ్బ కనిపిస్తోంది, మహా అయితే రెండు కిలోమీటర్లు, నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఒడ్డున వల విప్పుకుంటున్న పెద్దాయన మాత్రం తలెత్తకుండానే, "పది దాటితే గాలి లేస్తది సారూ, గంతల్లనే మర్రి రా" అన్నాడు. నేను నవ్వి వెళ్లిపోయా. పోయేటప్పుడు అరగంట పట్టింది, వచ్చేటప్పుడు దాదాపు మూడు గంటలు, అదీ చివరి అర కిలోమీటరు ఆయన పుట్టికే, అంటే వెదురుతో అల్లిన గుండ్రటి పడవకే, తాడు కట్టించుకుని. అరచేతుల్లో నాలుగు బొబ్బలు, ఫోన్ నీళ్లపాలు. ఆయన ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు, అదే ఎక్కువ బాధనిపించింది.

కాబట్టి ఇది ఆ రోజు నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది అనుకున్న విషయాలన్నీ కలిపి రాస్తున్నది. మన దక్షిణ తెలంగాణలో కృష్ణ పక్కనే ఉన్నా మనలో చాలామంది దాన్ని వంతెన మీద నుంచో, పుష్కరఘాట్ మెట్ల మీద నుంచో మాత్రమే చూస్తాం. నీళ్ల మీదికి వెళ్లి చూస్తే అది వేరే నది.

ముందు ఇది నది కాదని ఒప్పుకోండి

మన వైపు కృష్ణను పారే నదిగా ఊహించుకుని వెళ్తే మోసపోతారు. నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిల నుంచి శ్రీశైలం దాకా ఉన్నది శ్రీశైలం డ్యామ్ వెనక నిలిచిన నీళ్లు. శ్రీశైలం డ్యామ్ కింద లింగాలగట్టు నుంచి నందికొండ (సాగర్ డ్యామ్ ఉన్న ఊరు) దాకా ఉన్నది నాగార్జునసాగర్ వెనక నిలిచిన నీళ్లు. మధ్యలో డ్యామ్ అడ్డం. అంటే సోమశిలలో ఎక్కి సాగర్‌లో దిగడం అనేది ఒక పడవ మీద జరిగే పని కాదు, ఇవి రెండు వేర్వేరు ప్రయాణాలు. మ్యాప్‌లో ఒకే నీలిగీత కనిపించి చాలామంది ఇక్కడే ప్లాన్ తప్పు వేస్తారు.

నిలిచిన నీళ్లు కాబట్టి మిమ్మల్ని తోసుకుపోయే ప్రవాహం ఉండదు (డ్యామ్‌లకు, నీళ్లను పైకి తోడే ఎత్తిపోతల లిఫ్ట్‌లకు దగ్గర తప్ప, దాని గురించి కింద చెప్తా). మీరు పోరాడాల్సింది గాలితో. ఇంకా మీ మొత్తం ప్లాన్‌ను మార్చేసే అంకె ఒకటుంది: ఆ రోజు నీటిమట్టం ఎన్ని అడుగులు.

శ్రీశైలం నిండితే 885 అడుగులు, సాగర్ నిండితే 590. రోజూ పేపర్‌లో, వార్తల్లో వచ్చే ఈ అంకెలను రైతులు సాగునీటి కోసం చూస్తారు, మీరు దారి కోసం చూడాలి. శ్రీశైలం 880 దగ్గర ఉందంటే నీళ్లు చెట్ల దాకా వచ్చి ఉంటాయి, బండి దిగి పది అడుగులు వేస్తే కయాక్ నీళ్లలో ఉంటుంది. అదే బాగా కిందికి దిగిందంటే ఒడ్డు దూరంగా వెనక్కి పోయి మధ్యలో మోకాలి లోతు బురద మిగులుతుంది, ఎండిన పొరలా పైకి గట్టిగానే కనిపిస్తుంది, కాలు పెడితే చెప్పు లోపలే ఉండిపోతుంది. ఇరవై కిలోల పడవ మోసుకుంటూ ఆ బురద దాటడం ఒకసారి చేస్తే మళ్లీ చేయరు.

నీళ్లు తగ్గినప్పుడు ఇంకో సంగతి. శ్రీశైలం జలాశయం కింద 1981 ప్రాంతంలో మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో దాదాపు వంద ఊళ్లు మునిగాయి. మట్టం దిగేకొద్దీ పాత ఇళ్ల గోడలు, బావుల గట్లు, ఎండిపోయి నిలబడ్డ చెట్ల మోడులు నీటికి జానెడు లోతులోకి వస్తాయి, పైకి కనిపించవు. గాలి కొట్టే కయాక్ అడుగుకు, మరబోటు ఫ్యాన్‌కు రెండిటికీ అవే శత్రువులు. కొల్లాపూర్ వైపు పెద్దవాళ్లను అడిగితే, "అగ్గో, ఆ మోడు దగ్గర మా పాత ఊరి రచ్చబండ" అని చూపిస్తారు. వాళ్లకు జ్ఞాపకం, మనకు దారి గుర్తు.

ఎప్పుడు

జూలై నుంచి సెప్టెంబర్ దాకా వరద రోజులు, గేట్లు ఎత్తే రోజులు, ఆ నెలల్లో సొంత పడవతో నీళ్లలోకి దిగే ఆలోచనే వద్దు. ఎర్రటి నీళ్లు, కొట్టుకొచ్చే దుంగలు, గుర్రపుడెక్క చాపలు చాపలుగా. అక్టోబర్ చివరి నుంచి జనవరి దాకా అసలు సమయం: నీళ్లు నిండుగా, తేటగా, పొద్దున్నే చలిగా. ఫిబ్రవరిలో కూడా వెళ్లొచ్చు కానీ అప్పటికి రెండు రాష్ట్రాల సాగునీరు, కరెంటు ఉత్పత్తి కలిసి మట్టాన్ని లాగేస్తుంటాయి.

ఎండాకాలంలో కయాక్‌కు సెలవు, కానీ ఒక్క కారణానికి సోమశిల వెళ్లాలి. అవతలి గట్టున సంగమేశ్వరం గుడి ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలోనే ఉండి ఎండలు ముదిరాక బయటపడుతుంది. రేవు నుంచి బోటు మాట్లాడుకుని దాటి వెళ్తారు.

ఎక్కడ మొదలుపెట్టాలి

నేను మూడు మెట్లుగా చెప్తా. ఈ వరుస దాటి ఎగరకండి, ఎందుకంటే మూడోది చూడ్డానికి తేలిక, ఇరుక్కుంటే బయటికి రావడం కష్టం.

మొదటిది వైజాగ్ కాలనీ. దేవరకొండ మీదుగా దారి. నీళ్లు కొండల మధ్య పాయలు పాయలుగా లోపలికి చొచ్చుకొచ్చి ఉంటాయి కాబట్టి పెద్ద నీళ్లలోకి వెళ్లకుండా ఒక పాయలోనే ఒడ్డు పట్టుకుని రెండు మూడు గంటలు తిరగొచ్చు. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు ఈ చుట్టుపక్కల నాకు కనిపించలేదు. మనుషులుంటారు, పుట్టీలుంటాయి, ఏదైనా అయితే కేక వినిపిస్తుంది. ఒక్కటే జాగ్రత్త, ఇదే నీళ్లలో పుట్టంగండి దగ్గర ఏఎంఆర్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) లిఫ్ట్ ఉంది. హైదరాబాద్‌లో కుళాయి తిప్పితే వచ్చే కృష్ణా నీళ్లు అక్కడి నుంచి ఎక్కి అక్కంపల్లి జలాశయం మీదుగా పోయేవే. మోటార్లు నడుస్తున్నప్పుడు ఆ ఇన్‌టేక్ (నీళ్లు తోడుకునే నోరు) వైపు లాగుడు ఉంటుంది, అటు పోకండి.

రెండోది సోమశిల. హైదరాబాద్ నుంచి నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ మీదుగా. లలితా సోమేశ్వర ఆలయాలను శ్రీశైలం ముంపు నుంచి తప్పించి పైకి తెచ్చి మళ్లీ కట్టిన చోటు, పక్కనే రేవు. 2016 పుష్కరాలప్పుడు జనం పోటెత్తింది ఇక్కడికే. ఇక్కడ నది చాలా వెడల్పు, అవతలి గట్టు ఆంధ్ర. పొద్దున్నే ఎడమ గట్టు పట్టుకుని, అంటే మన వైపు గట్టు వెంబడే దిగువకు అమరగిరి దిశగా వెళ్లి తిరిగి రావడం ఒక రోజు పని. మైదానంగా ఉన్న ఒడ్డు మెల్లగా కొండలుగా మారడం, నీళ్ల రంగు ముదరడం, పొలాల మోటారు చప్పుళ్లు ఆగిపోవడం, అదంతా తెడ్డు వేసుకుంటూ వెళ్తేనే తెలుస్తుంది. ఇక్కడా అదే మాట, కల్వకుర్తి ఎత్తిపోతల పథకం నీళ్లు తోడుకునే చోటు కొల్లాపూర్ మండలం ఎల్లూరు దగ్గరే. ఆ కాలువ నోటికి దూరంగా ఉండండి.

మూడోది నల్లమల లోపలి దారి, రెండు వైపులా కొండలు నిట్టనిలువుగా దిగే చోటు. ఇది కయాక్‌తో చేయాలని అందరికీ ఉంటుంది, నాకూ ఉండేది. వద్దు. ఎడమ గట్టంతా అమ్రాబాద్ పులుల అభయారణ్యం, అవతలి గట్టు నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం. అటవీ శాఖ అనుమతి లేకుండా ఒడ్డున దిగడం, రాత్రి టెంట్ వేయడం, మంట పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. దిగడానికి వీల్లేని ఒడ్డు వెంబడి గాలి లేస్తే ఎక్కడికి పోతారు? ఫోన్ సిగ్నల్ ఉండదు. ఈ భాగాన్ని లాంచీలో చూడండి, నేనూ అలాగే చూశా. సోమశిల నుంచి శ్రీశైలానికి, సాగర్ నుంచి శ్రీశైలానికి తెలంగాణ టూరిజం వాళ్ల లాంచీలు నీళ్లు బాగా ఉన్న రోజుల్లో నడుస్తాయి. సాగర్ వైపుది సుమారు 110 కిలోమీటర్లు, పొద్దున్న ఎక్కితే ఐదారు గంటలు. ఏ రోజు నడుస్తుందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, జనం సరిపడా లేకపోయినా, నీళ్లు తగ్గినా ఆపేస్తారు.

పడవ

పుట్టిని చాలామంది ఫొటోకు మాత్రమే వాడుకుంటారు గానీ, మన కృష్ణ మీద పనికొచ్చే మొదటి పాఠం అదే నేర్పుతుంది. వెదురు దబ్బలతో బుట్టలా అల్లి, బయట నీరు దిగని పట్టా కట్టి తారు పూస్తారు, ఇప్పుడు ఫైబర్‌వీ వస్తున్నాయి. గుండ్రంగా ఉంటుంది కాబట్టి పక్క నుంచి తెడ్డు వేస్తే గిరగిరా తిరుగుతుంది తప్ప ముందుకు పోదు. అందుకే పుట్టి నడిపే మనిషి ముందు వైపు కూర్చుని తెడ్డును నీళ్లలో అటూ ఇటూ వంకర్లుగా లాగుతాడు, పుట్టిని నీళ్ల మీద తన వైపు గుంజుకున్నట్టు. డబ్బులిచ్చి ఒక గంట నేర్పమనండి. ఆ గంటలో తెడ్డు అనేది బలంతో కాదు కోణంతో పని చేస్తుందని చేతికి తెలిసిపోతుంది, ఆ తర్వాత కయాక్ ఆటబొమ్మలా ఉంటుంది.

సొంతానికి కొనాలంటే మన నీళ్లకు పైన కూర్చునే రకం కయాక్ మంచిది, లోపల కాళ్లు దూర్చే రకం కాదు. బోల్తా పడ్డా నీళ్లు నిండవు, తిరగేసి మళ్లీ ఎక్కొచ్చు. గాలి కొట్టేది కారు డిక్కీలో పడుతుంది, అపార్ట్‌మెంట్ మనుషులకు అదే దిక్కు, కానీ తేలిగ్గా ఉంటుంది కాబట్టి గాలికి ఎండుటాకులా కొట్టుకుపోతుంది. కొంటే అడుగున రెక్క బిగించుకునే వీలున్నదే కొనండి, అది లేనిది నేరుగా పోదు, అక్కడక్కడే తిరుగుతుంటుంది. కనూ అంటే పైన తెరిచి ఉండే పొడుగు పడవ, ఒకవైపే రెక్క ఉన్న తెడ్డుతో ఇద్దరు నడిపేది. సామాను బాగా పడుతుంది కానీ గాలికి అంచు ఎత్తు కాబట్టి వెడల్పు నీళ్లలో కష్టం. పాయల్లో తిరగడానికైతే దానంత హాయి ఇంకోటి లేదు.

మరబోటు అద్దెకు తీసుకుంటే రేటు, ఎంతసేపు, ఎక్కడిదాకా అన్నది ఎక్కకముందే మాట్లాడుకోండి, మధ్యలో బేరం అసహ్యంగా ఉంటుంది. అంతకంటే ముందు చూడాల్సినవి ఉన్నాయి. తలకో లైఫ్ జాకెట్ ఉందా (ఒక మూలన కుప్పగా ఉండడం కాదు, కట్టుకునే బకిల్స్ పని చేస్తున్నాయా), ఇంజను ఆగిపోతే వాడడానికి తెడ్డో గెడో ఉందా, ఎంతమంది ఎక్కొచ్చో పడవ మీద రాసి ఉందా, సరంగు మందు వాసన కొడుతున్నాడా. అందరూ ఎక్కాక నీటికీ పడవ అంచుకీ మధ్య జానెడు కూడా లేకపోతే మొహమాటం లేకుండా దిగిపోండి. 2007 జనవరిలో సింగోటం జాతరకని వస్తున్న జనంతో కిక్కిరిసిన నాటు పడవ మంచాలకట్ట దగ్గర మునిగి పదుల మంది పోయారు. కొల్లాపూర్ ప్రాంతంలో ఆ రోజు గుర్తున్నవాళ్లు ఇప్పటికీ పడవ ఎక్కేముందు మనుషుల్ని లెక్కపెడతారు. మీరు కూడా లెక్కపెట్టండి.

సామాను, కానీ ముందు రెండే విషయాలు

లైఫ్ జాకెట్ కొనేటప్పుడు మీ బరువుకు తగ్గది తీసుకుని, కట్టుకున్నాక ఇంకొకరిని భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. చెవుల దాకా లేచొస్తే అది వదులు, నీళ్లలో ముఖానికి అడ్డం పడుతుంది. ఈత బాగా వచ్చని దాన్ని కాళ్ల దగ్గర పెట్టుకునే మిత్రులు ప్రతి గ్రూపులో ఒకరు ఉంటారు. వాళ్లను ఒడ్డునే వదిలెయ్యండి.

రెండోది డ్రై బ్యాగ్, లోపలికి నీళ్లు దిగని సంచి. నా ఫోన్ పోయింది దాని వల్లే, అంటే బ్యాగ్ వల్ల కాదు, మూతిని రెండు మడతలే వేసి బకిల్ పెట్టినందుకు. లోపలి గాలిని కొంచెం బయటికి నొక్కి, మూతిని కనీసం మూడు నాలుగు మడతలు బిగువుగా చుట్టి, అప్పుడు బకిల్ పెట్టాలి. సరిగ్గా కట్టారా లేదా అన్నది ఇంట్లో బకెట్‌లో ముంచి చూడండి. ఫోన్, బండి తాళం, ఒక జత పొడి బట్టలు అందులోకి. దాన్ని పడవకు తాడుతో కట్టండి.

మిగతావి పెద్దగా చెప్పడానికేం లేదు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, టోపీ, పొడుగు చేతుల చొక్కా (నీళ్ల మీది ఎండ కింది నుంచి కూడా కొడుతుంది, గడ్డం కింద కాలుతుంది), మెడలో విజిల్, వల కోయడానికి అందుబాటులో చిన్న కత్తి, ఆఫ్‌లైన్‌లో దింపుకున్న మ్యాప్, జొన్న రొట్టెలో పల్లీలో ఏదో ఒకటి.

నీళ్లలోకి దిగేముందు రాత్రి

మూడు పనులు. ఆ రోజు శ్రీశైలం లేదా సాగర్ నీటిమట్టం, ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో చూడండి. ఇన్‌ఫ్లో వేల క్యూసెక్కుల్లో ఎగబాకుతుంటే ఎగువన ఎక్కడో వాన, మీ ట్రిప్ వాయిదా. గాలి చూపించే యాప్ ఏదైనా తెరిచి గంటగంటకు వేగం చూడండి. గంటకు పదిహేను కిలోమీటర్ల లోపు అయితే కొత్తవాళ్లకు ఫర్వాలేదు, ఇరవై దాటితే అలల మీద తెల్ల నురగ మొదలవుతుంది, ఆ నురగ కనిపించిన రోజు కొత్తవాళ్లు నీళ్లలో ఉండకూడదు. మూడోది, ఇంట్లో ఒకరికి ఎక్కడ దిగుతున్నారో, ఎన్నింటికి ఒడ్డుకు వస్తారో, రాకపోతే ఎన్నింటికి ఎవరికి ఫోన్ చేయాలో రాసి పంపండి. "సాయంత్రానికి వచ్చేస్తాం" అంటే చాలదు, టైమ్ చెప్పాలి.

తెల్లారి ఒడ్డుకు చేరాక ఇంకో పని మిగిలే ఉంటుంది, అది యాప్‌లో దొరకదు. అప్పటికే రాత్రి వలలు ఎత్తి తిరిగొస్తున్న మత్స్యకారులుంటారు. "అన్నా, ఇయ్యాల గాలి ఎట్లుంటది, వలలు ఏ దిక్కున్నయి?" అని అడగండి. ఈ రెండు ప్రశ్నలకు వాళ్లిచ్చే జవాబు నేను పైన రాసిన దాంట్లో సగానికి సమానం. నీళ్ల మీద తేలే థర్మాకోల్ ముక్కలు, ఖాళీ ప్లాస్టిక్ సీసాలు వరసగా కనిపిస్తే అది చెత్త కాదు, కింద వల ఉన్నట్టు. ఆ వరస మీదుగా తెడ్డు వేస్తే నైలాన్ దారం రెక్కకు చుట్టుకుంటుంది, లాగితే మీరే వంగిపోతారు. చుట్టూ తిరిగి పోండి. తప్పక దాటాల్సొస్తే తెడ్డు పైకెత్తి మెల్లగా జారిపోండి. పొరపాటున ఇరుక్కుంటే ముందు దారాన్ని ఓపికగా విప్పండి, ప్రాణం మీదికి వచ్చినప్పుడే కత్తి, కోసినట్టయితే ఒడ్డుకొచ్చి వాళ్లకు చెప్పి డబ్బులిచ్చి పోండి. అది ఒక ఇంటి వారం తిండి.

తెడ్డు వేయడం

కయాక్ తెడ్డును నెత్తి మీద పెట్టుకుని మోచేతులు మూల మట్టంగా వంగేలా పట్టుకుంటే మీ చేతుల మధ్య ఎంత దూరం ఉండాలో తెలుస్తుంది, దాన్ని అలాగే కిందికి దింపండి. రెక్కను పాదాల పక్కన నీళ్లలో గుచ్చి, తుంటి దగ్గరికి రాగానే బయటికి తీయాలి. తుంటి దాటాక లాగేదంతా నీళ్లు పైకి ఎత్తడమే, పడవ ముందుకు పోదు, చేతులే పోతాయి. లాగేది చేతులతో కాదు నడుముతో: కుడి వైపు రెక్క గుచ్చేటప్పుడు కుడి భుజం ముందుకు, లాగేటప్పుడు నడుము తిరుగుతూ వెనక్కి, తిరగలి తిప్పే మనిషి నడుములా. పిడికిలి బిగించకండి. నా బొబ్బలన్నీ బిగించి పట్టుకోవడం వల్ల వచ్చినవే. వేళ్లు వదులుగా, కప్పు పట్టుకున్నట్టు చాలు.

తిరగాలంటే రెక్కను ముందు నుంచి వెనక్కి నీటి మీద అర్ధచంద్రంలా పెద్దగా తిప్పండి. ఆగాలంటే వెనక్కి చిన్న చిన్నగా నాలుగు పోట్లు.

పక్క నుంచి అల వస్తే దానికి అడ్డంగా ఉండకుండా ముక్కును అల వైపు కొంచెం ఏటవాలుగా తిప్పండి. అప్పుడు చేసే తప్పు ఒకటుంది, భయంతో తెడ్డు వేయడం ఆపేసి రెండు చేతులతో పడవ అంచులు పట్టుకోవడం. అలా చేస్తే ఖచ్చితంగా పడతారు. తెడ్డు నీళ్లలో కదులుతున్నంతసేపు పడవ నిలబడుతుంది.

పడడం కూడా నేర్చుకోవాలి, అదీ మొదటి రోజే, నడుము లోతు నీళ్లలో, పక్కన మనిషి ఉండగా. కావాలని బోల్తా పడండి. పడవను వదలకండి, అదే మీకు పెద్ద తేలే వస్తువు. తిరగబడి ఉంటే అవతలి అంచు పట్టుకుని మీ వైపు గుంజి సరి చేయండి, మధ్యలో పొట్ట ఆనించి కాళ్లు ఈతలా కొడుతూ పైకి పాకండి, బోర్లా పడుకున్నాక మెల్లగా వెల్లకిలా తిరిగి కూర్చోండి. మోకాలు ముందు పెట్టి ఎక్కబోతే మళ్లీ బోల్తా. పదిసార్లు చేయండి, ఒడ్డున పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి.

దూరం, టైమ్, తిరుగు

కొత్తవాళ్లు గంటకు నాలుగు కిలోమీటర్లు వెళ్తారు, ఆగుళ్లు కలుపుకుంటే మూడు. అంటే పన్నెండు కిలోమీటర్ల రోజు అంటే నాలుగు గంటలు. అంతకంటే పెద్ద లెక్క వేయకండి. ఆరున్నరకు నీళ్లలోకి దిగి, ఎనిమిదిన్నరకు ఎక్కడున్నా సరే వెనక్కి తిరగడం నా పద్ధతి, ఇంకో మలుపు తర్వాత ఏముందో చూడాలని ఎంత అనిపించినా సరే. గాలి ఏమాత్రం ఉన్నా ముందు ఎదురు గాలిలో వెళ్లండి, తిరుగు ప్రయాణంలో అది వీపు మీద చెయ్యేసి తోస్తుంది. నేను వైజాగ్ కాలనీలో చేసింది సరిగ్గా దీనికి తలకిందులు.

ఒడ్డుకు ఈదగలిగేంత దూరంలోనే వెళ్లండి. నది మధ్యలోంచి అవతలి గట్టుకు దాటాలనే సరదా సోమశిలలో ప్రతి ఒక్కరికీ పుడుతుంది. అక్కడ మధ్యలో మిమ్మల్ని గాలి నుంచి కాపాడే కొండ లేదు, పైగా లాంచీలు, మరబోట్లు పోయే దారి అదే, కయాక్‌లో కూర్చున్న మనిషి సరంగుకు నీటికాకి అంత మాత్రమే కనిపిస్తాడు. దాటాలంటే బోటు ఎక్కి దాటండి.

మొసళ్లున్నాయా అని అందరూ అడుగుతారు. ఉన్నాయి. మన కృష్ణలో మగ్గర్ మొసళ్లున్నాయి, మనుషుల అలికిడి లేని బురద ఒడ్డుల మీద ఎండ కాగుతుంటాయి. అందుకని పొద్దు వాలాక నీళ్లలో ఉండొద్దు, జనం లేని బురద పాయల్లో కాళ్లు కడుక్కోవడాలు, ఈతలు వద్దు. నీటికుక్కలు కనబడితే మాత్రం తెడ్డు ఆపి ఊరికే తేలండి, నాలుగైదు కలిసి తలలెత్తి మిమ్మల్నే చూస్తాయి. చప్పుడు చేయకపోతే కాసేపు ఉంటాయి.

డ్యామ్‌ల దగ్గర కథ వేరు. శ్రీశైలం డ్యామ్ కింద లింగాలగట్టు వైపు సొంత పడవతో పోకండి. పవర్‌హౌస్ నీళ్లు వదిలితే ప్రశాంతంగా ఉన్న చోటు నిమిషాల్లో ఏరవుతుంది. ఎడమ గట్టు భూగర్భ పవర్‌హౌస్‌లో ఇంకో విచిత్రం, అక్కడి యంత్రాలు రెండు వైపులా తిరుగుతాయి, కరెంటు మిగిలిన వేళల్లో సాగర్ వైపు నీళ్లను తిరిగి శ్రీశైలంలోకి ఎక్కిస్తాయి. అంటే అక్కడ నీళ్లు ఏ వైపు లాగుతాయో మీ కంటితో చూసి చెప్పలేరు.

లాంచీలో చూసేవాళ్లకు

నందికొండలో ఎక్కితే మొదటి దగ్గరి ట్రిప్ నాగార్జునకొండ దీవి. ఇక్ష్వాకుల విజయపురి మునిగిపోకముందు 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికిన వాటిని కొండ మీదికి చేర్చి మ్యూజియం పెట్టారు, ఇప్పుడా కొండే దీవి. శుక్రవారం మ్యూజియం మూత, ప్రతిసారీ ఎవరో ఒకరు శుక్రవారమే వస్తారు. శ్రీశైలం లాంచీలో అయితే పై డెక్ మీద చోటు పట్టుకోండి, ఏసీలో కూర్చుని అద్దంలోంచి చూస్తే సినిమా చూసినట్టే. పొద్దున్న ఎండ ఎడమ గట్టు కొండల మీద పడుతుంది, మధ్యాహ్నం అందరూ నిద్రపోతారు, మీరు పడుకోకండి, కొండలు దగ్గరయ్యేది అప్పుడే. శ్రీశైలం చేరాక టైమ్ ఉంటే పాతాళగంగ నుంచి అక్కమహాదేవి గుహలకు ఇంకో బోటు ఉంటుంది, అది డ్యామ్ పైన నీళ్లలో.

తిరిగొచ్చాక

కయాక్‌ను మంచి నీళ్లతో కడిగి, నీడన పూర్తిగా ఆరబెట్టి మడవండి. తడిగా మడిస్తే రెండు వారాల్లో బూజు, ఆ వాసన ఇక పోదు. వాల్వ్‌లో ఇసుక రేణువు ఇరుక్కుందేమో వేలితో తడిమి చూడండి, గాలి మెల్లగా పోవడానికి పదింట తొమ్మిదిసార్లు కారణం అదే. ఇంట్లో టైమ్ రాసిచ్చిన మనిషికి ఒడ్డుకు చేరామని ఫోన్ చేయండి, ఇది మర్చిపోయి ఒకసారి మా బావ బండేసుకుని దేవరకొండ దాకా వచ్చేశాడు.

భోజనం సంగతి, వైజాగ్ కాలనీలో అయినా సోమశిలలో అయినా చేపల పులుసు పొద్దున్న నీళ్లలోకి దిగేముందే చెప్పి పోవాలి, బొచ్చెనా రవ్వనా, ఎంతమందికి, ఎన్నింటికి అని. తిరిగొచ్చి చెప్పారంటే గంటన్నర కూర్చోవాలి, భుజాలు పట్టేసి, కడుపు కాలుతూ, పక్క బల్ల మీద ముందే చెప్పుకున్న వాళ్లు తింటుంటే చూస్తూ.